సరస్సు ఒడ్డున పాత విడిది

రెండు రోజులుగా ఫోను తీయలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ నేషనల్ పార్కు లోపల లేక్ క్రెసెంట్ లాడ్జిలో ఉన్నాం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సింగర్ దంపతులు కట్టించిన విడిది ఇది. అప్పుడు దీని పేరు సింగర్స్ టావెర్న్, అతిథులు పడవల్లో వచ్చేవారట. 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇక్కడ బస చేశారు, 1938లో పార్కు ఏర్పడింది. ఇక్కడ అందరూ ఈ కథే చెబుతారు.

నాకు మాత్రం చేప కథే నచ్చింది. బియర్డ్‌స్లీ ట్రౌట్ ప్రపంచంలో ఈ ఒక్క సరస్సులోనే ఉంటుంది. ఒకప్పుడు దాని కోసమే జనం గాలాలు పట్టుకుని ఎగబడేవారు. ఇప్పుడు పట్టినా వదిలేయాల్సిందే, కొక్కేనికి చేప జారకుండా పట్టే ఎదురు ముల్లు కూడా ఉండకూడదు.

నీళ్లలో నత్రజని తక్కువ కాబట్టి నాచు పెద్దగా పెరగదు. రేవు చివర నిలబడితే అడుగున గులకరాళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. పక్కనే ఒక పెద్దాయన చేతులు తడుపుకుని, చేపను నీటిలోనే ఉంచి కొక్కెం తప్పించాడు. అది ఒక్క క్షణం ఆగి, తోక విదిల్చి వెళ్లిపోయింది. ఫోటో తీయడం మరిచిపోయాను.