పాపన్న పాఠం చెప్పబోయి సంజాయిషీ రాసుకున్నాను

ఇవాళే సంజాయిషీ ఇచ్చి వచ్చాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది జనగామ వైపు ఒక సర్కారు హైస్కూలు. మొగలుల మీద తిరగబడ్డ గౌడ వీరుడు సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ దగ్గరే. ఏడో తరగతికి మొగలుల పాఠం వచ్చింది కదా, పాపన్న కథతో చెబుదామనుకున్నా. హెడ్మాస్టరు సరేనన్నారు. శారద అనే తీగల వాద్యం మీటుతూ కథలు చెప్పే పెద్దాయన పిలవగానే వచ్చాడు. ఒక తండ్రి మాత్రం "మా కులపోళ్ల కథ ఎప్పుడు చెప్పిస్తరు సార్?" అని అడిగిపోయాడు.

పిల్లలతో నోట్సులో రెండు గడులు గీయించాను. ఒకవైపు పాట, ఇంకోవైపు మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాత. పాటలో పాపన్న గోల్కొండ గద్దెనెక్కుతాడు. రాతలో తోడబుట్టినదాన్నే దోచిన దొంగ. 1708లో మొహర్రం రోజుల్లో వరంగల్ మీద పడ్డాడు, 1710లో మొగలుల చేతిలో పోయాడు. "దొంగ అని రాసినాయనకు జీతం ఎవరిచ్చిన్రు సార్?" అన్నాడొక పిల్లాడు. వెంటనే వెనక బెంచీ అమ్మాయి "పాట కట్టినోళ్లకు అన్నం ఎవరు పెట్టిన్రు మరి?" అంది. ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు తట్టని ప్రశ్న అది.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి వచ్చాడు. "ఇది క్లాసా, జాతరా?" అన్నాడు. ముందు బెంచీ పిల్లాడి నోట్సు లాక్కుని, 'గోల్కొండ గద్దె' దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి 'తప్పు' అని రాశాడు. పైన 'పాట' అన్న శీర్షిక చూడలేదు. పక్క గడి అసలే చూడలేదు. "టెక్స్ట్‌బుక్కులో ఏ పేజీ?" అని నన్ను అడిగాడు. చేతిలో చాక్‌పీసుతో, నలభై మంది పిల్లల ముందు నోరు మెదపకుండా నిలబడ్డాను. పెద్దాయన శారద సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. నన్నన్నది మరిచిపోగలను, అది మరిచిపోలేను.

తర్వాత మెమో: 'పాఠ్యాంశంతో సంబంధం లేని కార్యక్రమం'. మీరూ ఇలాంటిది చేస్తే లెసన్ ప్లాన్‌లో 'కథ' అని రాయకండి, 'మౌఖిక ఆధారం' అని రాయండి. అదే సరుకు, ఆఫీసుకు నచ్చే పేరు.

సారీ చెబుదామని పెద్దాయన ఇంటికి వెళ్లాను. బడికి మళ్లీ రానన్నాడు. "పిల్లలనే ఇక్కడికి తోలుకరా సారూ, సగం కథే అయింది" అన్నాడు. ఆదివారం పోతున్నాం.