చిత్తూరు నల్లరాయి ప్రపంచ అయస్కాంత మ్యాపులో ఎందుకు కనబడదు?

మా చిత్తూరు వైపు క్వారీల్లో బ్లాక్ గ్రానైట్ అని కోసి అమ్మేది చాలావరకు డోలరైటే. ఎప్పుడో పాత రాళ్ల పగుళ్లలోకి శిలాద్రవం ఎగదన్ని, అక్కడే చల్లబడి గోడలా నిలిచిపోయిన రాయి, జియాలజీ వాళ్లు డైక్ అంటారు. దీంట్లో మాగ్నటైట్ అనే అయస్కాంత గుణమున్న ఖనిజం ఉంటుంది కాబట్టి, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరు పట్టుకుని డైక్‌ను అడ్డంగా దాటితే రీడింగు వందల నానోటెస్లాలు (క్షేత్రం బలానికి కొలమానం) మారొచ్చు. అదే తిరుమల కొండ క్వార్ట్‌జైట్ అనుకోండి, ఆ రాయి వల్ల వచ్చే తేడా దాదాపు సున్నా.

ఇంత గట్టిగా పలికే డైకులు ప్రపంచ అయస్కాంత మ్యాపులో మాత్రం కనబడవు. 2009లో వచ్చిన ఈమ్యాగ్2 అనే ప్రపంచ మ్యాపునే చూడండి, దాంట్లో ఒక్కో గడి మూడున్నర కిలోమీటర్ల పైనే, విలువలేమో 4 కిలోమీటర్ల ఎత్తున కొలిచినట్టు లెక్కగట్టినవి. పదుల మీటర్ల వెడల్పున్న డైక్ దాంట్లో ఎక్కడ నిలుస్తుంది?

ఉపగ్రహాలదీ అదే కథ, ఇంకా ఎక్కువ. 2013లో ఎగిరిన స్వార్మ్ అనే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఉపగ్రహాలు తిరిగే ఎత్తు 400 కిలోమీటర్లకు పైమాటే. అక్కడికి చేరేసరికి రాళ్ల వంతు చాలాచోట్ల పది, ఇరవై నానోటెస్లాలే, భూమి లోపలి కోర్ నుంచి వచ్చేదేమో పదివేలల్లో. అందుకే మధ్య ఆఫ్రికాలోని బాంగీ లాంటి భారీ అనామలీలే (రాళ్ల వల్ల క్షేత్రం తేడాగా ఉండే చోట్లు) వాటికి అందుతాయి. విమాన సర్వేలు చిన్నవి పట్టుకుంటాయి గానీ ఒక్కోటి ఒక్కో ఏడాదిది, ఒక్కో ఎత్తుది, పక్కపక్కన పెడితే అంచులు కలవవు. అందుకని పెద్ద ఆకారాలు ఉపగ్రహం నుంచి, చిన్నవి సర్వేల నుంచి తీసుకుని అతుకుతారు, రెండింటికీ సరిగా చిక్కని మధ్య సైజులతోనే అసలు తలనొప్పి.

దక్షిణాదిలో ఇంకో చిక్కుంది. ఇక్కడ భూమి క్షేత్రం దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి అయస్కాంత గుణమున్న రాయి మీద తరచూ పెరుగుదలకు బదులు తగ్గుదల వస్తుంది. యూరప్ పటాలు చూసి అలవాటైన కంటికి పెరుగుదల చూపే ఎర్రదేదో, తగ్గుదల చూపే నీలందేదో తారుమారే. (మధ్యాహ్నం పూట ఎండకు పై వాతావరణంలోని విద్యుత్ పొర అయనోస్ఫియర్ రీడింగులతో చేసే అల్లరి సరేసరి, ఆ మార్పును ఒకేచోట ఉండి నమోదు చేసే బేస్ స్టేషన్ లేకుండా నడిస్తే ఆ రోజు వృథా.)

నాకు నచ్చింది మాత్రం 2017 నాటి ఈమ్యాగ్2 మూడో వెర్షన్. మొదటి దాంట్లో సముద్రాల మీద డేటా లేనిచోట సముద్రగర్భం వయసును బట్టి చారలు గీసి నింపారు, చూడ్డానికి భలే ఉండేది. మూడోదాంట్లో ఆ ఊహ తీసేశారు, కొలతలు లేని చోట్లు ఖాళీగానే వదిలారు.