తాళంచెవి ఉంది, తలుపేది?

పొద్దున్నే చేయాల్సిన పని ఒక్కటే, బిల్లు కట్టడం. రెండు నిమిషాల్లో అయిపోతుందని ముఖం కూడా కడుక్కోకుండా కూర్చున్నాను. లేచేసరికి ముప్పావుగంట.

సైటు తెరిస్తే పైన లోగో, కింద తెల్లటి ఖాళీ. పాస్‌వర్డులన్నీ దాచిపెట్టి లాగిన్ పెట్టెల్లో నింపిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ గుర్తు మీద మాత్రం 1 అని అంకె ఉంది. అంటే ఈ సైటు లాగిన్ దాని దగ్గర భద్రంగానే ఉంది. నొక్కితే నింపడానికి ఏమీ దొరకలేదంటుంది! సహజంగా దాని మీదే అనుమానం వచ్చింది. లాగౌట్ చేసి మళ్లీ దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టాను. కంగారులో రెండుసార్లు తప్పు పడింది. అది మర్చిపోతే మిగతావన్నీ పోయినట్టే కదా, ఆ అరనిమిషం టెన్షన్ ఇంతా అంతా కాదు. మూడోసారికి తెరుచుకుంది. పేజీలో మాత్రం అదే ఖాళీ.

అత్త మీద కోపం దుత్త మీద చూపించానని అప్పుడు తట్టింది. పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాముల్ని, అంటే స్క్రిప్టుల్ని, ఆపే యాడ్-ఆన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రాము) పక్కనే కూర్చుని ఉంది. దాన్ని తెరిస్తే స్క్రిప్టులు వచ్చే ఏడు డొమైన్లు (సైటు చిరునామాలు), ఏడూ బంద్. నిజానికి అది పాస్‌వర్డ్ మేనేజర్ జోలికి పోలేదు. మేనేజరూ ఒక యాడ్-ఆనే, యాడ్-ఆన్ల కోడు పేజీ కోడుతో కలవకుండా విడిగా నడుస్తుంది కాబట్టి పేజీ స్క్రిప్టులు ఆగినా మేనేజర్ పని చేస్తూనే ఉంటుంది. కాకపోతే ఇప్పటి సైట్లలో చాలావాటికి లాగిన్ ఫారం ముందుగా రాసి ఉండదు, జావాస్క్రిప్ట్ (ఆ స్క్రిప్టులు రాసే భాష) కోడు వచ్చి కట్టాలి. అది రాకపోతే పెట్టెలే లేవు. పాపం, మేనేజర్ మాత్రం ఎక్కడ నింపుతుంది?

సైటు సొంత డొమైన్‌కి అనుమతిచ్చాను. పెట్టెలు వచ్చాయి, పేరు నిండింది, బటన్ మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. పెట్టెలో అక్షరాలు పడ్డాయని గమనించి బటన్‌ని లేపాల్సిన స్క్రిప్టు ఇంకో డొమైన్ నుంచి రావాలట. దానికీ సరే అన్నాను. పేజీ రీలోడ్ అయి, నిండిందంతా పోయింది. మళ్లీ మొదలు. ఈసారి పాస్‌వర్డ్ పెట్టె వచ్చింది కానీ వేరే డొమైన్ తాలూకు ఫ్రేమ్‌లో (పేజీలో పొదిగిన మరో పేజీలో) వచ్చింది. నా దగ్గర దాచిన చిరునామాతో అది కలవదు కాబట్టి మేనేజర్ నింపనని భీష్మించుకుంది.

విసుగొచ్చి పాస్‌వర్డ్ కాపీ చేసి అతికించి, బిల్లు కట్టేశాను. కట్టాక గుండె జారింది. చిరునామా కలవకపోతే నింపకపోవడమే కదా ఆ మేనేజర్ చేసే అసలు మేలు! దొంగ సైటు అచ్చు అసలుదానిలా కనిపించి నన్ను మోసం చేయొచ్చు కానీ, చిరునామా చూసే మేనేజర్‌ని అలా మోసం చేయలేదు. ఆ కాపలాని నా చేతులతో నేనే పక్కకి నెట్టాను. తర్వాత వెతికి చూస్తే ఆ డొమైన్ వాళ్ల లాగిన్ సేవదే. ఈసారికి బతికిపోయాను.

తమ్ముడికి ఫోన్‌లో చెబితే, "ఆ స్క్రిప్టుల గోల తీసెయ్ అన్నయ్యా, హాయిగా ఉంటావు" అన్నాడు. తీయబుద్ధి కాలేదు. 2017 చివర్లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. మనం ఏ సైట్లు చూస్తున్నామో వెంటాడే కొన్ని ట్రాకింగ్ స్క్రిప్టులు పేజీలో కంటికి కనబడని లాగిన్ ఫారం పెట్టేవట. బ్రౌజర్‌లోని లాగిన్ మేనేజర్ అడక్కుండానే దాన్ని నింపేది. ఆ స్క్రిప్టులు అందులో పడ్డ ఈమెయిల్‌ని మనల్ని పోల్చుకునే గుర్తుగా మార్చి పట్టుకుపోయేవి. పది లక్షల ప్రముఖ సైట్లలో 1,110 చోట్ల ఇవి దొరికాయి. అది చదివిన రోజునుంచే పేజీ తెరవగానే తనంతట తాను నింపే సెట్టింగ్ ఆపేశాను. కీబోర్డు షార్ట్‌కట్ కొడితేనే నింపాలి.

సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఆ లాగిన్ సేవ చిరునామాని కూడా మేనేజర్‌లో ఈ సైటుకి ఉన్న నా ఎంట్రీలో చేర్చాను. ఏడింటిలో మూడింటికి శాశ్వతంగా అనుమతి ఇచ్చి, లాగౌట్ అయి మళ్లీ ప్రయత్నించాను. ఒక్క షార్ట్‌కట్‌తో లోపలికి వెళ్లిపోయాను. మిగిలిన నాలుగింటిలో ఒకటి ఆ మూల నుంచి "మీకు సాయం కావాలా?" అని దూకే చాట్ పెట్టెదని తేలింది. దాన్ని అలాగే వదిలేశాను.