ఆటిజమా, ఏడీహెచ్‌డీనా? మా పాపతో మా నాలుగేళ్ళు

మా పాపకి నాలుగేళ్ళప్పుడే గోడ మీది క్యాలెండర్ మొత్తం నోటికొచ్చు. ఏ వారం రాహుకాలం ఎన్నింటికి, ఈ నెల అమావాస్య ఏ తేదీన, అడగ్గానే చెప్పేది. "ఏం తిన్నావమ్మా?" అని అడిగితే మాత్రం "ఏం తిన్నావమ్మా" అని మన మాటే తిరిగి అనేది. మా అత్తయ్య చుట్టాలందరికీ ఆ క్యాలెండర్ సంగతి మురిపెంగా చెప్పుకునేవారు. నాకు లోపల గుబులుగా ఉండేది. పైకి అంటే, "పిల్లకి నీ దిష్టే తగులుతుందే" అని కోప్పడేవారు.

విజయవాడలో మా ఇంటికి దగ్గర్లోనే ఎల్‌కేజీలో చేర్చాం. రెండో వారమే ఫోన్ వచ్చింది. కుదురుగా కూర్చోదు, బల్లల కింద దూరుతుంది, గంట కొడితే చెవులు మూసుకుని అరుస్తుంది, గేటు తీసి కనపడితే చాలు రోడ్డు మీదికి పరుగు. పిల్లల డాక్టరు గారికి చూపిస్తే ఐదేళ్ళు వచ్చేదాకా చూద్దామన్నారు. మా వారు కూడా నాలుగేళ్ళకి గానీ మాట్లాడలేదని అత్తయ్య గుర్తుచేశారు. సరే అని ఒక ఏడాది ఆగాం. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఐదో ఏట ముందు వినికిడి పరీక్ష రాశారు, బెరా అని. నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించి, చెవిలో శబ్దాలు పంపి మెదడు స్పందన చూస్తారు. అంతసేపూ పిల్ల నిద్రలో ఉండాలి. అందుకని ముందు రోజు రాత్రి దాన్ని పడుకోనివ్వకుండా నేనూ మా వారూ వంతులేసుకుని కథలు చెప్పాం. రిపోర్టులో వినికిడి బాగానే ఉందని వచ్చింది. పిలిస్తే పలకకపోవడానికి కారణం చెవులు కావని తేలింది, అంతే.

ఆ తర్వాత రెండు థెరపీ సెంటర్లు తిరిగాం, ఆటిజమేమో తేల్చుకుందామని. అంటే నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టంగా ఉండటం, ఒకే వరసని పట్టుకుని వదలకపోవడం లాంటివి. మొదటి చోట, "కళ్ళలోకి చూస్తోంది, పిల్లల దగ్గరికి తనే వెళ్తోంది, ఆటిజం కాదు, ఉట్టి హైపర్" అన్నారు. రెండో చోట ఆటిజమేనని తేల్చేసి, ఆరు నెలల ప్యాకేజీ కడితే పూర్తిగా మామూలు పిల్ల అయిపోతుందన్నారు. గాజులు తాకట్టు పెట్టి కట్టాం. ఆరు నెలలూ అయిపోయాయి గానీ వాళ్ళు చెప్పినట్టేమీ జరగలేదు. మళ్ళీ ఇంకో ఆరు నెలలన్నారు. అందుకే చేతులెత్తి చెబుతున్నాను. థెరపీతో పిల్లకి ఎంతో మేలు జరుగుతుంది, మా పాపకీ జరిగింది. కానీ ఆటిజాన్ని నయం చేసేస్తామని ఎవరైనా గడువు పెట్టి చెబితే, దయచేసి అక్కడ డబ్బు కట్టకండి.

మాకు దారి చూపించింది తర్వాత దొరికిన స్పీచ్ థెరపిస్ట్. మా అమ్మాయి గురించి నేను చెప్పేదంతా ఓపిగ్గా విని, "అమ్మా, ఒక నోట్‌బుక్ పెట్టండి. పేజీకి మూడు గడులు. ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత ఏమైంది. మీ అభిప్రాయం రాయొద్దు, కళ్ళతో చూసింది రాయండి" అంది. చూడ్డానికి చిన్న పని. కానీ "మొండికేసింది" అని రాయకుండా, "నీలం గ్లాసు బదులు స్టీలు గ్లాసులో పాలిచ్చాను, గ్లాసు తోసేసింది" అని రాయడం అలవాటయ్యేసరికి నాకు వారం పట్టింది.

పదకొండో రోజు పేజీ నా దగ్గర ఇంకా ఉంది. పొద్దున దానికో వరస ఉండేది. బ్రష్, పాలు, స్నానం, జడ, టిఫిన్, బూట్లు. ఒకటి అటూ ఇటూ అయినా ఇల్లు పీకి పందిరేసేది. ఆ రోజు నేనేమీ మార్చలేదు. పాలు సగం తాగి, బాల్కనీలో పావురం వాలితే అటు పరిగెత్తింది. అక్కడ బట్టల క్లిప్పులు కనపడితే వాటిని రంగుల వారీగా పేర్చడం మొదలుపెట్టింది. అవి సగంలో ఉండగానే ట్యాప్ చప్పుడు విని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి నీళ్ళు పోసుకుంది. ఒంటి మీద నీళ్ళు కారుతుండగా పాలు మిగిలాయని గుర్తొచ్చింది. అంతే, నేల మీద పడి గుండెలవిసేలా ఏడుపు. "మళ్ళీ మొదట్నించి, మళ్ళీ మొదట్నించి" అంటూ తడిజుట్టుతోనే వెళ్ళి మళ్ళీ బ్రష్ పట్టుకుంది.

అది రాసుకుంటూ ఉంటే నా చెయ్యి ఆగిపోయింది. వరస తప్పకూడదని పట్టుబట్టేదీ ఇదే, ఆ వరసని మధ్యలో వదిలేసేదీ ఇదే. నా మీద మొండితనం చేస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ. బిడ్డ తనలో తనే నలిగిపోతోంది.

ఆరేళ్ళు నిండాక పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు నోట్‌బుక్ తీసుకుని చదివారు, తర్వాతే పాపని పలకరించారు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉందేమో చూసే వాండర్‌బిల్ట్ ఫారాలు మాకొకటి, టీచర్‌కొకటి ఇచ్చారు. ఇంట్లో ఉన్న లక్షణాలు స్కూల్లో కూడా ఉన్నాయో లేదో చూడకుండా ఏడీహెచ్‌డీ అనకూడదట. ఇంకో రోజు ఆటిజం ఎంతుందో కొలిచే ఐసా పరీక్ష చేశారు. మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిందే అది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 70 వస్తే ఆటిజం కింద లెక్క. పాపకి 84 వచ్చింది.

"రెండూ ఉన్నాయమ్మా" అన్నారు డాక్టరు గారు. ఆటిజం ఉన్న పిల్లలకి ఏడీహెచ్‌డీ అని కూడా రాయడానికి అమెరికా సైకియాట్రీ వాళ్ళ పుస్తకంలో 2013 దాకా వీలుండేది కాదని, చాలామంది ఇప్పటికీ ఏదో ఒకటే వెతుకుతారని చెప్పారు. ఒకచోట ఆటిజం కాదన్నవాళ్ళు, ఇంకోచోట ఆటిజం ఒక్కటే అన్నవాళ్ళు ఎందుకలా అన్నారో నాకు అప్పుడర్థమైంది. మా పాప కొత్తవాళ్ళ దగ్గరికి దూసుకెళ్ళేది కాబట్టి, వాళ్ళతో ఏం మాట్లాడాలో దానికి తెలియడం లేదని ఎవరూ గమనించలేదు. మా వారు ఏడీహెచ్‌డీ ఫారం రెండోసారి చదివి, "వీటిలో సగం నాకు చిన్నప్పుడున్నాయి, ఇప్పటికీ ఉన్నాయి" అన్నారు నెమ్మదిగా. ఆ రాత్రి ఆయన చిన్నతనంలో తిన్న దెబ్బల గురించి మొదటిసారి నాతో చెప్పుకున్నారు.

వైకల్యం సర్టిఫికెట్ పని వేరే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. కాబట్టి ఆటిజం మీదే వెళ్ళాలి. సచివాలయంలో సదరం, అంటే ఆ సర్టిఫికెట్ కోసం చేసే డాక్టరు పరీక్షకి స్లాట్ బుక్ చేసుకున్నాం. ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ చక్రాల చప్పుడుకి పాప గంటన్నరసేపు నా కొంగులో తలదూర్చి ఏడ్చింది. తీరా లోపలికి పిలిచాక గోడ మీద క్యాలెండర్ కనపడింది, నోరు మెదపకుండా దాన్ని చదువుతూ నిలబడింది. "పాప చక్కగా ఉంది కదమ్మా" అన్నారు లోపలున్న డాక్టరు. నా దగ్గరున్న రిపోర్టులు, నోట్‌బుక్, ఫోన్లో రెండు వీడియోలు చూపించాను. ఆయన చివరిదాకా చూశారు. వైకల్యం 40 శాతం దాటినట్టు రాశారు, తర్వాత యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు వచ్చింది. దాని మీద నిరామయ బీమా తీసుకున్నాం, ఏడాదికి లక్ష దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కొంత వెనక్కొస్తోంది.

ఏడీహెచ్‌డీకి మాత్ర అన్నప్పుడు నేను చాలా భయపడ్డాను. మిథైల్‌ఫెనిడేట్, ఆరేళ్ళు దాటిన పిల్లలకే ఇస్తారు, అన్ని మందుల షాపుల్లో దొరకదు. మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుందని ముందే చెప్పారు. అందుకని పొద్దున్నే పెసరట్టు కడుపునిండా తినిపించాకే మాత్ర వేస్తాను, సాయంత్రం ఆకలి తిరిగొచ్చే వేళకి పెరుగన్నం కలిపి ఉంచుతాను. వెళ్ళినప్పుడల్లా ఎత్తు, బరువు చూస్తారు. వేసిన మొదటి నెలలో పాపకి వరసల పట్టుదల ఇంకా పెరిగినట్టు అనిపించి హడలిపోయాను. పరుగు తగ్గేసరికి, కింద ఉన్న ఆటిజం మాకు స్పష్టంగా కనపడుతోందని డాక్టరు గారు చెప్పారు. గోడకి బొమ్మల పట్టీ పెట్టాం. బ్రష్ బొమ్మ, గ్లాసు బొమ్మ, జడ బొమ్మ. అయిపోయినదాన్ని తీసి డబ్బాలో వేస్తుంది. మధ్యలో పావురం వచ్చినా, తిరిగొచ్చి పట్టీ చూసుకుని ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి అందుకుంటుంది. "మళ్ళీ మొదట్నించి" అన్న ఏడుపు ఆ పట్టీతోనే తగ్గింది.

స్కూల్ మార్చాల్సి వచ్చింది. యూకేజీలో ఒక బుధవారం పన్నెండు గంటలకి పరీక్ష పెడితే, "రాహుకాలం, మొదలుపెట్టకూడదు" అని పాప కాగితం చింపేసింది. ఇంట్లో పిల్లకి మూఢనమ్మకాలు నేర్పుతున్నారని మమ్మల్ని పిలిచి మాటలన్నారు. దానికది నమ్మకం కాదు, నియమం. ఎర్ర లైటు పడితే బండి ఆగాలి అన్నంత నియమం. ఎంత చెప్పినా వాళ్ళకి ఎక్కలేదు. రెండు స్కూళ్ళు సీటు లేదన్నాయి. మూడో చోట చేర్చుకున్నారు. కిటికీకి దూరంగా గోడ పక్కన కూర్చోబెడతారు, గంట కొట్టే ముందు చెప్తారు, మధ్యమధ్యలో రిజిస్టరు ఆఫీసు గదికి పట్టుకెళ్ళే పని దానికే ఇస్తారు.

ఇప్పుడు ఎనిమిదేళ్ళు, రెండో తరగతి. మొన్న అర్ధసంవత్సర పరీక్షల టైమ్‌టేబుల్ రాగానే నా గుండె ఆగినంత పనైంది. బుధవారం పన్నెండింటికి లెక్కలు. టీచర్‌కి ఫోన్ చేసి ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే, "నేను చూశానండీ, మీరు టెన్షన్ పడకండి" అంది. ఆ రోజు పదకొండూ యాభై ఐదుకి పాప చేతికి పేపరిచ్చి, "పేరు రాసెయ్ అమ్మా, మొదలైపోయింది" అందట. సాయంత్రం బ్యాగు కింద పెట్టకుండానే పాప నాతో చెప్పింది, "అమ్మా, ఐదు నిమిషాల ముందే రాశాను" అని.