అమ్మ బీమాని ఆసుపత్రి మెట్లెక్కకముందే వాడుకున్నాం: నా అనుభవం

మా అమ్మ పేరున ఆరోగ్య బీమా తీసుకున్నది 2022లో. అప్పటికి ఆమెకి అరవై దాటాయి, రోజూ బీపీ మాత్ర వేసుకుంటోంది. కావలిలో మా ఇంటికొచ్చి ఫారం నింపుతున్న ఏజెంటు బీపీ గడి దగ్గర పెన్ను ఆపి, "ఇది రాయకుంటేనే మంచిది మేడం, రాస్తే ప్రీమియం పెరుగుద్ది" అన్నాడు. రాయమన్నాను. ఎప్పటినుంచి ఉందో, ఏ మాత్ర వాడుతోందో కూడా రాయించి, సంతకాలయ్యాక ఫారం మొత్తం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను. ప్రీమియం కొంత పెరిగిన మాట నిజమే. బీపీ వల్ల వచ్చే జబ్బులకి మూడేళ్ళు, కంట్లో శుక్లాలు, మోకాలి మార్పిడి లాంటివాటికి రెండేళ్ళు ఆగితేనే బీమా వస్తుందన్నారు. సరేనన్నాం.

పాలసీ కాగితాలు వచ్చాక అందరూ చూసేది ఎన్ని లక్షలకి అని. నేను ముందు చూసింది గది అద్దె. దానికి రోజుకింత అని పరిమితి ఉండి, మనం అంతకంటే ఖరీదైన గదిలో చేరితే, పోయేది గది తేడా ఒక్కటే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు కూడా అదే లెక్కన కోసేస్తారు. రెండోది, ఏడాదికోసారి వాళ్ళ ఖర్చుతో చేయించే ఆరోగ్య పరీక్ష. ఇది చాలా పాలసీల్లో ఉంటుంది. నాకు తెలిసినవాళ్ళలో వాడుకున్నవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మాకు ఆ పరీక్ష మీద పట్టుదల ఉండటానికి కారణముంది. అమ్మ పుట్టిల్లు కనిగిరి వైపు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి ప్రకాశం జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. గారపట్టిన పళ్ళు, వంగిన కాళ్ళు, పట్టేసిన నడుములు. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. అందుకే కంపెనీకి ఫోన్ చేసి, ఆ ప్యాకేజీలో కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ అనే రక్త పరీక్ష ఉందో లేదో కనుక్కున్నాను. ఉంది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని చూసే పరీక్ష లేదు, దానికి మా డబ్బు కట్టాం.

"నాకేమైందని పాపా ఈ పరీక్షలు, పొద్దున్నే కాఫీ కూడా లేకుండా?" అని అమ్మ ల్యాబులో కూర్చున్నంతసేపూ సణిగింది. సాయంత్రం రిపోర్టు వచ్చింది. షుగర్ లేదు. క్రియాటినిన్ దగ్గర మాత్రం 1.5 అని నల్లగా, లావు అక్షరాల్లో ఉంది. ల్యాబు వాళ్ళ లెక్క ప్రకారం ఆడవాళ్ళకి అది ఎక్కువ.

నెల్లూరు పొగతోటలో కిడ్నీ డాక్టరుకి చూపించాం. ఆయన రిపోర్టు చూస్తూనే, "మోకాళ్ళ నొప్పులకి ఏం వాడుతున్నారమ్మా?" అని అడిగాడు. అమ్మ చీర కొంగు ముడి విప్పి, సగం ఖాళీ అయిన మాత్రల అట్ట తీసింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి. ఎన్నాళ్ళనుంచి వేసుకుంటోందో మాకెవరికీ తెలియదు. నొప్పి మాత్రలు అలా రోజూ మింగితే కిడ్నీలకి రక్తం సరిగా అందదని, బీపీ ఉన్నవాళ్ళకి మరీ ప్రమాదమని చెప్పి ఆపించేశాడు. బీపీ మాత్ర మార్చాడు, ఉప్పు తగ్గించమన్నాడు. ఊరగాయ లేకుండా ముద్ద దిగని మనిషికి అది పెద్ద శిక్షే. అయినా పాటించింది. కొన్ని నెలల తర్వాత చేయిస్తే క్రియాటినిన్ 1.1కి దిగింది. ఆ రోజు నాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు. ఈ పాలసీ మాకు చేసిన పెద్ద మేలు నా దృష్టిలో ఇదే, దీనికి ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదు.

క్లెయిమ్ పెట్టింది 2025లో, కంట్లో శుక్లాలకి. ఏడాది ముందే పొర మొదలైందని కంటి డాక్టరు చెప్పాడు. అప్పటికి రెండేళ్ళ గడువు పూర్తికాలేదు. తొందరేమీ లేదని ఆయన అన్నాకే ఆగాం. శుక్లాల ఆపరేషన్‌కి 24 గంటలు ఆసుపత్రిలో ఉండాల్సిన పనిలేదు, డే కేర్ కింద వస్తుంది. కానీ చాలా పాలసీల్లో ఒక్కో కంటికి ఇంత అని పరిమితి ఉంటుంది. ఆసుపత్రిలో ఖరీదైన లెన్స్ గురించి గట్టిగా చెప్పారు. మామూలు మడత లెన్స్ చాలునా అని నేరుగా డాక్టరునే అడిగాను. చాలునన్నారు. అంచనా బిల్లు కాగితం మీద రాయించుకుని, ఆపరేషన్‌కి రెండ్రోజుల ముందే క్యాష్‌లెస్ కోసం, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేలా, పంపించాం.

కంపెనీ నుంచి ప్రశ్న వచ్చింది: బీపీ ఎప్పటినుంచి ఉంది, పాలసీ తీసుకునేటప్పుడు చెప్పారా? ఆసుపత్రి బీమా డెస్కులో అబ్బాయి, "ముందు మీరు కట్టేయండి మేడం, తర్వాత క్లెయిమ్ పెట్టుకోవచ్చు" అన్నాడు. కట్టనన్నాను. 2022 నాటి ఫారంలో బీపీ గడి ఉన్న పేజీ ఫొటో అక్కడికక్కడే పంపించాను. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన నిబంధన కూడా గుర్తుచేశాను: క్యాష్‌లెస్ అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జి బిల్లుకి మూడు గంటల్లో అనుమతివ్వాలి, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలి. ఆ మధ్యాహ్నమే అనుమతి వచ్చింది. రాకపోయుంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, నెలలో తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళాలని నిశ్చయించుకునే ఉన్నాను. అక్కడ ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు.

మా వీధిలో ఒక బాబాయి ఇదంతా విని, ఈ వయసులో తనకెవరు పాలసీ ఇస్తారని దిగులుపడ్డాడు. ఆయనకి 74. డెబ్బై నిండినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారని, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం దొరుకుతుందని చెప్పి, ఆధార్ తీసుకుని నమోదు చేయించుకోమన్నాను.

ఆపరేషన్ అయ్యాక చాలామంది వదిలేసేది ఒకటుంది. డిశ్చార్జి తర్వాత ఇన్ని రోజుల వరకు అయ్యే మందుల ఖర్చు కూడా పాలసీలో వస్తుంది. మా పాలసీలో 60 రోజులు. కంటి చుక్కల బిల్లులు, మళ్ళీ చూపించుకున్న ఫీజు రసీదులు, డాక్టరు చీటీలు కలిపి పంపించాం. చీటీలో పేరు లేని మందు బిల్లు ఒకటి కొట్టేశారు, మిగతాది అమ్మ ఖాతాలో పడింది. రెండో కంటికి సంక్రాంతి తర్వాత తేదీ తీసుకున్నాం. దానికి ముందే ఈ ఏడాది పరీక్ష చేయించాలి, ఈసారి కూడా అల్బుమిన్‌తో కలిపి.