పన్నెండున్నరకు లాకు మూసేస్తారు

ఫ్రాన్సు దక్షిణాన కనాల్ దు మిది అనే కాలువ. మా పడవ ముక్కు, పడవల్ని కింది మట్టానికి దింపే లాకు తలుపులకు ఇరవై గజాల దూరంలో ఉంది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. లోపల నీళ్లు మా మట్టానికే ఉన్నాయి. గట్టు మీద నిలబడ్డ మనిషి తన చేతి గడియారం చూసుకుంది, మా వైపు చూసింది, అరచెయ్యి చూపించి ఆపింది. ఆ చేతినే నోటి దగ్గరికి తీసుకెళ్లి తిండి సైగ చేసింది. తలుపులు నెమ్మదిగా మూసుకున్నాయి.

అప్పటికి టైము పన్నెండూ పది.

మా అల్లుడు పడవ ఎక్కిన దగ్గర్నుంచి తెల్ల టోపీ పెట్టుకుని సరంగు వేషంలో ఉన్నాడు. అతనికి ఫ్రెంచి బాగానే వచ్చు. గట్టు మీదికి దూకి వెళ్లి ఆమెతో ఏదో మాట్లాడాడు. తిరిగొచ్చి, "పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా భోజనం టైమట మావయ్యగారూ. ఇవి వరసగా నాలుగు గదులు. దింపడానికి అరగంటైనా పడుతుంది కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టదట" అన్నాడు.

"ఇంకా ఇరవై నిమిషాలుందిగా?"

"ఆ ఇరవై నిమిషాలూ సరిపోవనే ఆమె చెప్పేది."

నాకు ఒళ్లు మండింది. వారానికి రెండు వేల యూరోల పైచిలుకు పోసి అద్దెకు తీసుకున్న పడవ. డీజిల్ దానికి వేరే, ఇంజను ఎన్ని గంటలు తిరిగితే అంత. ఎక్కిన చోట కాకుండా ఇంకో ఊళ్లో దిగుతామన్నందుకు ఇంకో బాదుడు. ముందు రోజు కాస్తెల్‌నోదారీలో పడవ మాకు అప్పజెప్పేసరికే సాయంత్రమైంది. రాత్రి ఆ ఊరి చెరువులోనే కట్టేసి పడుకున్నాం. చెరువంటే నిజంగా చెరువు కాదు, కాలువనే వెడల్పు చేసి కట్టిన పెద్ద రేవు. పొద్దున్న రొట్టె కోసం అమ్మాయి ఊళ్లోకి వెళ్లొచ్చేసరికి పదకొండైంది. ఇప్పుడు మొదటి లాకు దగ్గరే ఆగిపోయాం. వెనక్కి తిరిగితే మేం రాత్రి పడుకున్న చోటు కనిపిస్తోంది!

ఆమె లాకు పక్కనున్న ఇంటి ముందు చెట్టు కింద చిన్న బల్ల వేసుకుంది, దాని మీద గుడ్డ పరిచింది. ముందు ఆకుకూరల గిన్నె తెచ్చుకుంది. అది పూర్తయ్యాక లోపలికెళ్లి వేడి వేడిగా ఇంకేదో తెచ్చుకుంది. తర్వాత జున్ను ముక్క, రొట్టె. మా వెనక ఒకదాని తర్వాత ఒకటి నాలుగు పడవలు వచ్చి ఆగాయి. వాటిలో ఎవరూ హారన్ కొట్టలేదు. గట్టుకు తాళ్లు కట్టి వాళ్లూ తిండి తీశారు. ఆ వరసలో కడుపు మంటతో నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

మా ఆవిడ ఇదేమీ పట్టించుకోకుండా పడవ వంటగదిలో కుక్కరు పెట్టేసింది. తులూజ్ నుంచి బయల్దేరేటప్పుడు అమ్మాయి ఎంత వద్దన్నా కుక్కరు, పది కిలోల బియ్యం, గోంగూర పచ్చడి సర్దిన మనిషి ఆవిడ. కుక్కరు కూత వేసేసరికి వెనక వరసలో ఒక పడవలోని జర్మన్ల కుక్క లేచి నిలబడింది.

నేను ఇంత చిరాకు పడటానికి కారణం ఒకటుంది. నేను లాకు తలుపులు తీసి మూసే లస్కరు కొడుకుని.

గోదావరి తూర్పు డెల్టాలో, కాకినాడ వెళ్లే కాలువ మీద ఒక లాకు పక్కన రెండు గదుల క్వార్టరులో పుట్టి పెరిగాను. లాకంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం ఒక్క మాట. కాలువకు పై మట్టం, కింది మట్టం ఉన్న చోట మధ్యలో రాతి గది కట్టి, రెండు వైపులా తలుపులు పెడతారు. పడవను గదిలోకి తెచ్చి, పై తలుపులు మూసి, తూములు తెరిచి నీళ్లు వదిలితే పడవ కిందికి దిగుతుంది. ఎక్కాలంటే దీనికి తలకిందులు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక తవ్విన కాలువలు చేలకు నీళ్లివ్వడానికీ, పడవలు నడవడానికీ కూడా. నా చిన్నప్పుడు కొబ్బరికాయలు, పెంకులు, ధాన్యం అన్నీ వాటి మీదే పోయేవి. గాలి లేనప్పుడు మనుషులే తాడు భుజానికేసుకుని గట్టు మీద లాక్కుపోయేవాళ్లు.

మధ్యాహ్నం నాన్న కంచం ముందు కూర్చుని రెండో ముద్ద కలిపేసరికి కాలువ మీద నుంచి కేక వినిపించేది. "లస్కరో...!" నాన్న లేచేవాడు. "అన్నం ముందు నుంచి లేవకూడదురా, అరిష్టం" అని నాయనమ్మ రోజూ అనేది. నాన్న రోజూ లేచేవాడు. ఆలస్యమైతే పడవవాళ్లు పై అధికారి ఓవర్సీరుకు చెబుతారని భయం. అమ్మ ఆ కంచం మీద ఇంకో పళ్లెం బోర్లించేది. ఆయన తలుపులు నెట్టి, తూములెత్తి, పడవను దింపి, మళ్లీ తలుపులు మూసి వచ్చేసరికి పులుసు చల్లారి, అన్నం మీద పెచ్చు కట్టేది. ఒక్కోరోజు ఆ పెచ్చు మీద చెయ్యి పెట్టాడో లేదో ఇంకో పడవ. చల్లారిన అన్నం తినడం నాన్నకిష్టమని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

సరే, అక్కడ లాకు దగ్గరికొస్తాను.

మా వెనక పడవ మామూలు అద్దె పడవ కాదు. ఇరవై మీటర్ల పాత డచ్చి ఇనుప పడవ, ముదురాకుపచ్చ రంగు. కప్పు మీద కుండీల్లో టమాటా మొక్కలు, రెండు సైకిళ్లు, ఒక సోలారు పలక. దాన్లోంచి డెబ్బై ఏళ్ల ఇంగ్లిషాయన దిగి, చేతిలో టీ కప్పుతో మా దగ్గరికొచ్చాడు. కుక్కరు వాసన బాగుందన్నాడు. మా ఆవిడ ఊరుకుంటుందా? పప్పన్నం, గోంగూర ముద్ద పళ్లెంలో పెట్టి ఇచ్చింది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే ఇంకొంచెం అడిగాడు.

ఇంగ్లండులో ఇల్లమ్మేసి పదకొండేళ్లుగా ఆ పడవలోనే కాపురం ఉంటున్నాడట. నేను ఆయన్ని చాలా సంగతులు అడిగాను, ఎందుకంటే పడవలో కాపురమంటే నాకు తెలిసిన బొమ్మ వేరు. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో పడవల్లోనే వండుకుని, పిల్లల్ని కని పెంచుకునే చేపల వాళ్ల కుటుంబాలు ఉండేవి. రేషను కార్డుకు చిరునామా చెప్పలేక వాళ్లు పడే పాట్లు నాన్న చెప్పేవాడు. ఈయనకూ కష్టం అక్కడేనట! బ్యాంకు, డాక్టరు, బీమా, ఎవరి దగ్గరికెళ్లినా మొదటి ప్రశ్న ఇంటి అడ్రసు. ఇంగ్లండు యూరప్ కూటమి నుంచి బయటికొచ్చాక కొత్తగా వచ్చే వాళ్ల దేశస్థులు వీసా లేకుండా నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండగలరు. ఆయన అంతకుముందే ఇక్కడ స్థిరపడ్డాడు కాబట్టి నివాస కార్డు దొరికింది. మాలాంటి అద్దె పడవల వాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, అరగంట పాఠం చెప్పి తాళం ఇచ్చేస్తారు. సొంత పడవైతే పరీక్ష రాయాలి, జలమార్గాల శాఖకు పొడవును బట్టి పన్ను కట్టాలి. కొన్నేళ్లకోసారి పడవను నీళ్లలోంచి ఎత్తించి, అడుగు రేకు ఎంత పలచబడిందో కొలిపించాలి, లేకపోతే బీమా ఇవ్వరు. చలికాలంలో మరమ్మతులకని కాలువ నీళ్లు తీసేస్తారు, అప్పుడు ఏదో ఒక రేవులో నెలల తరబడి కదలకుండా పడుండాలి. మనకు వేసవిలో కాలువలు కట్టేసినట్టే. అక్కడ కట్టేసేది చలికాలంలో, అంతే తేడా.

"మీకు ఈ భోజనం గంట చిరాకనిపించదా?" అని అడిగాను.

ఆయన నవ్వి, ఈ కాలువ తవ్వించిన మనిషి గురించి విన్నావా అన్నాడు. పియెర్ పాల్ రికే అనే ఆయన ఉప్పు పన్ను వసూలు చేసే కాంట్రాక్టరు. 1666లో రాజు దగ్గర అనుమతి తెచ్చుకుని, తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్లు తవ్వించాడు. తన ఆస్తంతా పోసి అప్పుల్లో మునిగి, 1681లో కాలువ తెరవడానికి కొద్ది నెలల ముందే చనిపోయాడు. ఇంతవరకూ నేను ఫోనులో చదివిందే. చదవనిది ఇంకొకటి చెప్పాడు. పని జోరుగా సాగినప్పుడు పన్నెండు వేల మంది పనిచేశారట, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నెల జీతం ఇచ్చేవాడట రికే. వాన పడి పని ఆగినా, ఆదివారమైనా, పండగైనా, జబ్బు చేసినా జీతం కోసేవాడు కాదు. మూడున్నర శతాబ్దాల కిందటి మాట ఇది.

మా నాన్న పదకొండేళ్లు ఎన్.ఎమ్.ఆర్. మీదే, అంటే పర్మనెంటు కాకుండా రోజుకూలి లెక్కనే చేశాడు. కాలువలు కట్టేసిన రోజుల్లో మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేరుండేది కాదు. ఆ మాట ఇంగ్లిషాయనకు చెప్పాలంటే ఎన్.ఎమ్.ఆర్. అంటే ఏమిటో ఇంగ్లిషులో వివరించాలి. ఊరుకున్నాను.

సరిగ్గా ఒంటిగంటన్నరకు ఆమె బల్ల మీది గుడ్డ దులిపి, మడిచి, వచ్చి తలుపులు తెరిచింది. మూడు పడవలు కలిసి లోపలికెళ్లాం. సేన్ రోక్ అంటారు ఆ లాకును. నాలుగు గదులూ కలిపి తొమ్మిది మీటర్ల పైనే దింపుతాయి. గోడలు తిన్నగా ఉండవు, మధ్యలో ఉబ్బి కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మొదట్లో తిన్నగా కట్టిన గోడ ఒకటి కూలిపోతే, మట్టి ఒత్తిడి తట్టుకుంటుందని ఇలా వంపు తిప్పారట. చూడ్డానికి అందంగానే ఉంది కానీ, ఆ వంపు గోడకు ఆనించి పొడవాటి పడవను నిలపడం అల్లుడి తల ప్రాణం తోకకు తెచ్చింది.

వెనక తాడు పట్టుకునే పని నాది. లాకులు నాకు నేర్పక్కర్లేదని అప్పటికే రెండుసార్లు చెప్పి ఉన్నాను. గట్టు మీది ఇనుప గుంజకు తాడు తిప్పి, రెండో కొస తెచ్చి పడవ కొక్కేనికి బిగించి ముడేశాను. గట్టి ముడి, నాన్న ముడి. చేతులు దులుపుకుని ఫొటో తీసుకుంటున్నాను.

నీళ్లు దిగడం మొదలైంది. కాసేపటికి వంటగదిలో ఏదో దొర్లింది, ఆ తర్వాత కుక్కరు మూత పడింది. చూస్తే పడవ వెనక భాగం ఒక పక్కకు లేస్తోంది. నీళ్లు కిందికి పోతున్నాయి, తాడు మాత్రం పోనివ్వడం లేదు. వీణ తీగలా బిగిసిపోయింది. ముడి విప్పుదామంటే వేలు దూరే సందు లేదు. "ఏవండీ!" అని లోపలి నుంచి మా ఆవిడ, "నాన్నా!" అని ముందు నుంచి అమ్మాయి, గట్టు మీంచి ఫ్రెంచిలో ఒక పెద్ద కేక. ఆమె పరిగెత్తుకెళ్లి తూములు మూసింది. పై నుంచి కాసిని నీళ్లు వదిలింది. పడవ కొంచెం లేచింది, తాడు సడలింది, నేను ముడి విప్పాను. ఆమె వంగి నాతో ఇంగ్లిషులో మూడే మాటలు చెప్పింది. పట్టుకో, కట్టకు, వదులుతూ ఉండు.

నాన్న కూడా పడవవాళ్ల మీద అలాగే అరిచేవాడు. గట్టు మీద నుంచి ఎన్ని వందల సార్లు విన్నాను ఆ అరుపు! కానీ నేనెప్పుడూ పడవలో ఉండి వినలేదు.

"లస్కరుగారి అబ్బాయి!" అంది మా ఆవిడ, నేల మీద అన్నం ఏరుతూ. ఆ వారమంతా నా పేరు అదే.

తర్వాతి మూడు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గంటకు ఆరు కిలోమీటర్లు, మహా అయితే ఎనిమిది. పక్క బాటలో సైకిల్ మీద పోయే ముసలమ్మ మమ్మల్ని దాటిపోయేది. వారమంతా కలిపి మేం వెళ్లింది ఎనభై కిలోమీటర్లు. పల్లెవెలుగు బస్సు కూడా మూడు గంటల్లో దింపే దూరం. కాస్తెల్‌నోదారీ కాసూలే గురించి అందరూ చెబితే అల్లుడు ఒక పూట తిన్నాడు. తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం, పంది మాంసం మట్టి మూకుట్లో గంటల తరబడి ఉడికిస్తారు. ఇరవై రెండు యూరోలు. తిని, ఆ మధ్యాహ్నమంతా చుక్కాని నాకిచ్చి పడుకున్నాడు. కార్కాసోన్ కోట ఫొటోల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది, జనం కూడా అంతే.

చెట్ల సంగతి మాత్రం చెప్పాలి. కాలువకు రెండు వైపులా పందిరి వేసినట్టు చినారు జాతి చెట్లు నలభై రెండు వేలు ఉండేవట. 2006లో ఒక బూజు తెగులు బయటపడింది. మందు లేదు, సోకిన చెట్టును కొట్టేసి కాల్చడమే. త్రెబ్ అనే ఊరు దాటాక మైళ్ల కొద్దీ గట్టు బోడిగా ఉంది. కొత్త మొక్కలకు కర్రలు పాతారు, నీడ రావడానికి ఇంకో తరం పట్టేలా ఉంది. ఎండకు ఇనుప పడవ పెనంలా కాలింది. కడియం వైపు కాలువ గట్టున లారీలెక్కే నర్సరీ మొక్కలు గుర్తొచ్చాయి.

చివరి రోజు సాయంత్రం నాలుగింటికల్లా ఓంప్స్ అనే ఊళ్లో పడవ అప్పజెప్పాలి. ఆలస్యమైతే జరిమానా అని కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఎగ్వియ్ అనే లాకు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే పన్నెండున్నర. ఏళ్ల కిందట అక్కడ పనిచేసిన లాకు మనిషి ఇనుప తుక్కుతో, చెట్టు మొద్దులతో చేసిన బొమ్మలు గట్టంతా ఉన్నాయి. అవి చూస్తూ తిరిగాం. పెరుగన్నం తిన్నాం. ఒంటిగంటన్నరైంది. ముప్పై అయిదైంది. తలుపు తెరుచుకోలేదు. లాకు ఇంటి కిటికీలోంచి పళ్లేల చప్పుడు వస్తోంది.

అల్లుడు టోపీ సర్దుకుని హారన్ మీద చెయ్యి పెట్టాడు.

"ఉండు నాయనా," అన్నాను, "చెయ్యి కడుక్కోనీ."