ఫరక్కా నీళ్లు: పది రోజులకో లెక్క

వేసవిలో కృష్ణ పారకపోతే దివిసీమలోకి ఉప్పునీరు ఎగదన్నుతుందని బెజవాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో ఖుల్నా బాధా అదే. అటు మంచినీళ్లు తెచ్చే గొరాయ్, గంగకు పాయ. ఎగువన, పశ్చిమ బెంగాల్‌లో గంగ మీద కట్టిన ఫరక్కా బ్యారేజీ మన చేతిలో ఉంది.

బంగ్లాదేశ్‌ను 1971 డిసెంబర్ 6న భారత్ గుర్తించింది. 1972 మార్చిలో 25 ఏళ్ల మైత్రీ ఒప్పందం కుదిరింది. అంత దగ్గరితనంలోనూ నీటి వాటా తేలలేదు. హుగ్లీలో పూడిక తోసి కలకత్తా రేవును కాపాడాలని, ఫరక్కా నుంచి గంగ నీళ్లు అటు మళ్లించేందుకు కట్టిన ఫీడర్ కాలువ సామర్థ్యం 40,000 క్యూసెక్కులు. 1975లో ఏప్రిల్ 21 నుంచి మే 31 వరకు, 11,000 నుంచి 16,000 క్యూసెక్కుల మళ్లింపుకు మాత్రమే ఢాకా ఒప్పుకుంది. ఆగస్టులో బంగ్లాదేశ్ అధ్యక్షుడు ముజీబ్ హత్య. మరుసటి వేసవిలో ఒప్పందం లేకుండానే మళ్లించాం, వాళ్లు ఐక్యరాజ్యసమితికెక్కారు. నమ్మకం చెడింది అక్కడే అంటాను.

1977 ఒప్పందంలో మంచి షరతు ఉండేది: నది ఎంత తగ్గినా బంగ్లాదేశ్‌కు రాసిన వాటాలో 80 శాతం ఇవ్వాలి. 1982లో అది తీసేశారు.

ఇక 1996 డిసెంబర్ 12 నాటి ఒప్పందం. జనవరి 1 నుంచి మే 31 దాకా పది రోజులకో లెక్క. ఫరక్కాకు 70,000 క్యూసెక్కులు, అంతకన్నా తక్కువ వస్తే చెరిసగం. 75,000 దాకా బంగ్లాదేశ్‌కు 35,000, మిగతాది మనకు. ఆపైన మనకు 40,000, మిగతాది వాళ్లకు. ఫరక్కాలోనూ, దిగువన బంగ్లాదేశ్‌లోని హార్డింజ్ వంతెన దగ్గరా ఉమ్మడి బృందాలు రోజూ కొలుస్తాయి. 35,000 క్యూసెక్కులు ఒక రోజు పారితే మూడు టీఎంసీలు, మన ప్రకాశం బ్యారేజీ నిండేన్ని నీళ్లు.

చిక్కంతా మార్చి 11 నుంచి మే 10 మధ్యలో. అప్పుడు పది రోజులు వాళ్లకు, పది రోజులు మనకు వంతులవారీగా 35,000 ఖాయం. నదిలో 55,000 ఉంటే వంతు లేనివాళ్లకు 20,000 మిగులుతుంది. 50,000 కంటే పడిపోతే వెంటనే సంప్రదింపులు జరపాలని ఉందే తప్ప, ఎవరికెంతో లేదు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో తోడుకునే నీళ్లకు ఇందులో పరిమితీ లేదు, లెక్క మొదలయ్యేదే ఫరక్కాలో.

గడువు 30 ఏళ్లు, 2026 డిసెంబర్ దాకా. తర్వాత రాసే కాగితంలో ఆ 80 శాతం మళ్లీ ఉండాలి, 50,000 కింద ఎవరి వాటా ఎంతో అంకెల్లో ఉండాలి.